మారిషస్‌కు సంక్రాంతికి వద్దు, దసరాకు వెళ్లండి

ప్రశ్న: మాది కాకినాడ. నేను, మావారు, ఎనిమిదేళ్లు, పన్నెండేళ్లు ఉన్న పిల్లలిద్దరు, అరవై ఆరేళ్ల అత్తయ్యగారు కలిసి వచ్చే సంక్రాంతి సెలవుల్లో మారిషస్ వెళ్దామనుకుంటున్నాం. ఏజెంటు ఆరు రాత్రుల ప్యాకేజీ ఇచ్చారు. నార్త్ టూర్, సౌత్ టూర్, ఒక దీవి టూర్ అంటున్నారు. అది కొత్త దంపతులు వెళ్లే చోటు, పెద్దావిడతో ఎందుకని బంధువులు అంటుంటే మనసు కాస్త వెనక్కి లాగుతోంది. అత్తయ్యగారు శాకాహారి. మోకాళ్ల నొప్పులు, బీపీ ఉన్నాయి. తిండికి ఇబ్బంది పడతామా? వీసా, డబ్బు సంగతేమిటి? ఇంకో విషయం. అత్తయ్యగారి ముత్తాతగారి తమ్ముడు ఓడెక్కి మారిషస్ వెళ్లిపోయి మళ్లీ రాలేదని వాళ్ల పుట్టింట్లో చెప్పుకునేవారట. ఆయన ఆచూకీ ఏమైనా దొరుకుతుందా?
ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: నమస్కారం అమ్మా. ముందుగా మీ బంధువుల మాటకు జవాబు చెబుతాను. మీ అత్తయ్యగారిని తప్పకుండా తీసుకెళ్లండి. మీ అయిదుగురిలో ఆ దేశం ఎక్కువగా నచ్చేది ఆవిడకేనని నా నమ్మకం. హనీమూన్ ఫొటోల్లో కనిపించేది ఆ దేశపు అంచు మాత్రమే. లోపలికి వెళితే చెరకు తోటలు, ఊరికో గుడి, మన పండుగలు, మనలాంటి ముఖాలు కనిపిస్తాయి. ప్యాకేజీలో ఆ లోపలి భాగానికి చోటు ఉండేలా చూసుకోండి. నేను చెప్పబోయేదంతా దాని గురించే.

అయితే సంక్రాంతికి వద్దు. మారిషస్ భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది కాబట్టి అక్కడి రుతువులు మనకు తలకిందులుగా ఉంటాయి. మనకు చలిగా ఉండే జనవరి వాళ్లకు నడివేసవి. ఉక్కపోత, వాన, వాటితో పాటు తుఫాన్లు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫానుల కాలం, అందులో జనవరి నుంచి మార్చి వరకు ఉధృతం ఎక్కువ. 2024లో సరిగ్గా మన సంక్రాంతి రోజునే, జనవరి 15న, బెలాల్ తుఫాను ఆ దేశాన్ని తాకింది. రాజధాని పోర్ట్ లూయిస్ వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి, విమానాశ్రయం మూతపడింది. కాకినాడలో ఉన్నవాళ్లకు తుఫాను సంగతి నేను చెప్పనక్కర్లేదు. ప్రతి జనవరిలోనూ తుఫాను వస్తుందని కాదు, కానీ ఆరు రాత్రుల ప్రయాణంలో రెండు రోజులు హోటల్ గదిలో తలుపులు బిగించుకుని కూర్చోవాల్సి వస్తే అంత డబ్బు పెట్టి వెళ్లిన ఉసూరు మిగిలిపోతుంది. పైగా క్రిస్మస్ నుంచి జనవరి మొదటి వారాల దాకా యూరప్ వాళ్ల రద్దీ ఉంటుంది, ధరలు మండిపోతాయి.

మన సెలవులకు సరిపోయే మంచి కాలాలు రెండున్నాయి. ఒకటి దసరా. అక్టోబరులో అక్కడ వానలు బాగా తక్కువ, ఎండ హాయిగా ఉంటుంది, సముద్రం నీళ్లు మెల్లగా వేడెక్కుతుంటాయి. రెండోది మే నెల. ఇక్కడ మనం ఎండకు మాడిపోతుంటే అక్కడ అప్పుడే చలికాలం మొదలవుతుంది. పగలు 25, 26 డిగ్రీల దగ్గర ఉంటుంది, నీళ్లలో ఇంకా వేసవి వెచ్చదనం మిగిలే ఉంటుంది. పిల్లల వేసవి సెలవులు కూడా అప్పుడే కాబట్టి చాలామంది తెలుగు కుటుంబాలకు మే నెలే కుదురుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా కూడా వెళ్లొచ్చు కానీ ఆగ్నేయం నుంచి గాలి గట్టిగా వీస్తుంది, తూర్పు తీరంలో పిల్లలు నీళ్లలో దిగడానికి చలి అంటారు. మీ అత్తయ్యగారి మోకాళ్లను దృష్టిలో పెట్టుకుంటే నా ఓటు దసరాకే.

ఒకవేళ టికెట్లు మార్చుకోలేని పరిస్థితి ఉండి జనవరిలోనే వెళ్లాల్సివస్తే, అక్కడి తుఫాను హెచ్చరికల పద్ధతి తెలుసుకుని వెళ్లండి. ఒకటి నుంచి నాలుగు వరకు స్థాయిలుంటాయి. ఒకటంటే సిద్ధంగా ఉండమని. మూడు వచ్చిందంటే బస్సులు, దుకాణాలు ఆగిపోతాయి. నాలుగులో ఎవరూ గడప దాటకూడదు. రేడియోలో, ఫోన్లలో ఎప్పటికప్పుడు చెబుతూనే ఉంటారు. హోటల్ వాళ్లు చెప్పినట్టు వినండి, సముద్రం ఎలా ఉందో చూద్దామని ఒడ్డుకు వెళ్లొద్దు. విమానం రద్దయితే డబ్బు వెనక్కి ఇచ్చే ప్రయాణ బీమా తీసుకోవడం అప్పుడు మరీ ముఖ్యం.

ఇక దేశం గురించి కాస్త. ఆఫ్రికా ఆగ్నేయ తీరానికి దాదాపు 2,000 కిలోమీటర్ల దూరంలో, హిందూ మహాసముద్రంలో ఉంది. ప్రధాన ద్వీపం విస్తీర్ణం 1,865 చదరపు కిలోమీటర్లు, అంటే విడిపోకముందున్న తూర్పు గోదావరి జిల్లాలో సుమారు ఆరో వంతు. జనాభా దాదాపు పన్నెండున్నర లక్షలు. డచ్చివాళ్లు 1598లో దిగారు, 1710లో వదిలేసి వెళ్లిపోయారు. 1715 నుంచి ఫ్రెంచివాళ్లు ఏలారు, 1810లో బ్రిటిష్‌వాళ్లు గెలుచుకున్నారు. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చింది, 1992లో అదే తేదీన గణతంత్రమైంది. దండి యాత్ర మొదలైన రోజని ఆ తేదీని ఎంచుకున్నారు. గాంధీగారు 1901లో దక్షిణాఫ్రికా నుంచి ఇండియాకు తిరిగొస్తూ ఆ ద్వీపంలో కొన్నాళ్లు ఆగారు.

ఈ చరిత్రలో మనకు దగ్గరగా తగిలే భాగం ఒకటుంది. 1835లో అక్కడ బానిసత్వాన్ని రద్దు చేశారు. చెరకు తోటల్లో పనిచేసేవాళ్లు కావాలి. అందుకని అంతకు కొద్దినెలల ముందు నుంచే ఇండియా నుంచి ఒప్పంద కూలీలను తేవడం మొదలుపెట్టారు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో కలకత్తా నుంచి 36 మంది దిగారు. ఆ తర్వాత డెబ్బై, ఎనభై ఏళ్లలో నాలుగున్నర లక్షల మందికి పైగా వెళ్లారు. ఎక్కువమంది బీహార్ ప్రాంతం వాళ్లు. తమిళులు, మరాఠీలు, మనవాళ్లు కూడా ఉన్నారు. మీ ఊరి పక్కనే ఉన్న కోరంగి రేవు నుంచి ఓడెక్కినవాళ్లు ఉండటం వల్ల అక్కడ తెలుగువాళ్లను కోరింగీలు అని పిలిచేవారు. ఇప్పుడు మనం మడ అడవులు చూడటానికి వెళ్లే కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే పెద్ద రేవు. 1839 నవంబరులో వచ్చిన తుఫాను దాన్ని చావుదెబ్బ కొట్టింది.

పోర్ట్ లూయిస్‌లో ఆప్రవాసి ఘాట్ అనే చోటు ఉంది. ఓడ దిగిన కూలీలను ముందుగా అక్కడికి తెచ్చి, పేరు రాసుకుని, నంబరు ఇచ్చి, ఒకటి రెండు రోజులు ఉంచి తోటలకు పంపేవారు. 1849లో కట్టిన ఆ కట్టడాల్లో ఇప్పుడు కొంత భాగమే మిగిలింది. వాళ్లు ఎక్కిన 16 రాతి మెట్లు అలాగే ఉన్నాయి. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ప్రవేశం ఉచితం. ఆదివారం మూసి ఉంటుంది, శనివారం మధ్యాహ్నం దాకానే తెరుస్తారు. మామూలు రోజు పొద్దున్నే వెళ్లండి. పక్కనే ఉన్న ప్రదర్శనశాలలో ఓడ లోపల ఎలా ఉండేదో, ఒప్పందంలో ఏం రాసేవారో పిల్లలకు అర్థమయ్యేలా చూపిస్తారు. ఒక్క రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలీ కోసేవారని అక్కడ తెలుసుకున్నప్పుడు మీ పన్నెండేళ్ల పిల్లవాడో పిల్లో తప్పకుండా ఏదో ఒకటి అడుగుతారు. ఆ ప్రశ్న కోసమైనా అక్కడికి తీసుకెళ్లాలి. చాలా ప్యాకేజీల్లో ఈ చోటు ఉండదు. పోర్ట్ లూయిస్ అంటే వాటర్‌ఫ్రంట్‌లో గంటసేపు షాపింగ్ అని రాస్తారు. మీ ఏజెంటుతో గట్టిగా మాట్లాడి ఇది పెట్టించండి. దానికి నడిచి వెళ్లేంత దూరంలోనే 2023లో బానిసత్వం మీద ఒక మ్యూజియం తెరిచారు. వీలుంటే రెండూ చూడండి, ఒకటి చూస్తేనే రెండోది పూర్తిగా అర్థమవుతుంది.

తెలుగువాళ్లు అక్కడి జనాభాలో చిన్న వర్గం. అయినా ఉగాదికి దేశమంతా సెలవు. బడుల్లో పిల్లలు కోరుకుంటే తెలుగు నేర్పుతారు, మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో పై చదువుల్లోనూ తెలుగు ఉంది. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది మారిషస్‌లోనే. ఆంధ్ర మహాసభ, ఊళ్లలో తెలుగు మందిరాలు ఉన్నాయి. సింహాద్రి అప్పన్నను కొలుస్తారు, అమ్మోరు పండుగ చేస్తారు. దీపం చుట్టూ తిరుగుతూ పాడే రామభజన అక్కడి తెలుగువాళ్లకు ప్రాణం. ఉత్తరాంధ్ర, గోదావరి పల్లెల నుంచి చేతిలో ఏమీ లేకుండా వెళ్లినవాళ్లు పాటను, దేవుణ్ణి ఇన్ని తరాలు కాపాడుకున్నారంటే నాకు గొప్ప గౌరవం.

ఇక్కడ మీకొక మాట చెప్పాలి. వాళ్లందరూ మనతో గలగలా తెలుగు మాట్లాడతారని అనుకోవద్దు. ఇంట్లోనూ వీధిలోనూ వాళ్లు మాట్లాడేది ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్ అనే భాష, చదివేది ఇంగ్లీషు, ఫ్రెంచి. తెలుగు ఎక్కువగా గుడిలో, పాటలో, పెళ్లిలో మిగిలింది. 'మీకు తెలుగు వచ్చా, ఏదీ మాట్లాడండి' అని పరీక్ష పెట్టినట్టు అడిగితే నొచ్చుకుంటారు. మీ డ్రైవరునో హోటల్ వాళ్లనో దగ్గర్లో తెలుగు మందిరం ఎక్కడుందని అడిగి, పూజ జరిగే వేళకు వెళ్లి ఒక మూల కూర్చోండి. మీ అత్తయ్యగారికి వచ్చిన భజన పాట ఏదైనా ఉంటే ఆవిడ గొంతు కలుపుతారు. పరిచయాలు వాటంతటవే మొదలవుతాయి. ఫొటోలు తీసే ముందు అడగండి.

తిండి గురించి బెంగ పెట్టుకోవద్దు. శాకాహారికి మారిషస్ అంత సులువైన విదేశం తక్కువ. వీధి బండి మీద దొరికే దాల్‌పూరీ అక్కడి జాతీయ భోజనం లాంటిది. ఉడికించి పొడి చేసిన పప్పును పిండిలో పెట్టి పల్చగా ఒత్తి కాలుస్తారు, తీపి లేని బొబ్బట్టు అనుకోండి. రెండేసి చొప్పున ఇస్తారు, మధ్యలో చిక్కుడు గింజల కూర, టమాటా పచ్చడి, కారం పెడతారు. గాతో పిమా అంటే పప్పు రుబ్బి, పచ్చిమిర్చి వేసి వేయించిన చిన్న వడలు, పొద్దున్నే వేడివేడిగా దొరుకుతాయి. ఫరాటా మన పరోటా లాంటిది. అలూదా పాలతో చేసే చల్లని పానీయం, సబ్జా గింజలు వేస్తారు, పోర్ట్ లూయిస్ సెంట్రల్ మార్కెట్‌లో తాగించండి, పిల్లలు మళ్లీ మళ్లీ అడుగుతారు. పెళ్లిళ్లకు, పండుగలకు అరిటాకులో ఏడు రకాల కూరలతో భోజనం పెడతారు. అత్తయ్యగారు గట్టి శాకాహారి కాబట్టి మాంసం కూరలు కూడా అమ్మే బండి దగ్గర గరిటెలు కలిసిపోతాయేమో చూసుకోండి. గుడి దగ్గరి దుకాణాల్లో ఆ ఇబ్బంది ఉండదు. హోటల్ బుక్ చేసేటప్పుడే శాకాహారం సంగతి రాతపూర్వకంగా చెప్పండి. పొద్దున టిఫిను, రాత్రి భోజనం కలిపి ఉండే పద్ధతి తీసుకుంటే మధ్యాహ్నం బయట తినొచ్చు. మూడు పూటలా హోటల్లోనే తినే ప్యాకేజీ తీసుకుంటే ఈ రుచులన్నీ పోగొట్టుకుంటారు.

బస విషయానికొస్తే, ఆరు రాత్రులూ ఒకే హోటల్లో పెట్టొద్దని చెబుతాను. మూడు రాత్రులు ఉత్తరాన ట్రూ ఓ బిష్, మోన్ షుయాజీ ప్రాంతంలో, మూడు రాత్రులు పడమట ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ దగ్గర తీసుకోండి. ద్వీపం చిన్నదే అయినా ఉదయం, సాయంత్రం పోర్ట్ లూయిస్ చుట్టుపక్కల ట్రాఫిక్ బాగా ఉంటుంది. ఒకే చోట నుంచి రోజూ అటూ ఇటూ తిరిగితే మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కారులోనే సగం రోజు గడిచిపోతుంది. పడమటి తీరం పొడిగా, గాలి తక్కువగా ఉంటుంది. కింది అంతస్తు గది అడగండి. సముద్రం ఒడ్డు హోటల్ దొరక్కపోయినా బాధ లేదు. అక్కడ ఒడ్డంతా ప్రజలదే, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. ఆదివారాల్లో సరుగుడు చెట్ల కింద స్థానిక కుటుంబాలు వంటలు తెచ్చుకుని, డప్పులాంటి రవాన్ వాయిస్తూ సెగా పాటలు పాడుకుంటాయి. బానిసల బతుకుల్లోంచి పుట్టిన ఆ సెగాను యునెస్కో 2014లో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. హోటల్లో రాత్రి భోజనం వేళ పెట్టే ప్రదర్శన కంటే ఆదివారం ఒడ్డున వినిపించేది నాకు ఎక్కువ ఇష్టం.

చూడాల్సినవి చాలా ఉన్నాయి. మీ కుటుంబానికి ఏవి కుదురుతాయో అవే చెబుతాను. అన్నిటికంటే ముందు గంగా తలావ్. కొండల మధ్య, ఒకప్పుడు అగ్నిపర్వతం ఉన్న బిలంలో ఏర్పడిన సరస్సు. శివరాత్రికి దేశం నలుమూలల నుంచి లక్షలమంది కావళ్లు మోసుకుంటూ నడిచి వస్తారు. దారిలోనే 108 అడుగుల శివుడి విగ్రహం ఉంటుంది. కారు దాదాపు దగ్గరదాకా వెళుతుంది కాబట్టి అత్తయ్యగారికి కష్టం ఉండదు. ఎత్తు ప్రాంతం, ఎప్పుడు చూసినా మబ్బు, చినుకులు, అందుకని ఒక శాలువా ఉంచండి. కోతులు చేతిలో ప్రసాదం లాక్కుంటాయి, పిల్లలకు ముందే చెప్పండి. అక్కడి నుంచి షమరెల్ వెళ్లే దారి అడవి గుండా పోతుంది. బ్లాక్ రివర్ గోర్జెస్ జాతీయ ఉద్యానం అది. షమరెల్‌లో రంగురంగుల మట్టి దిబ్బలు, జలపాతం ఉన్నాయి. మధ్యాహ్నం లోపు వెళితే జనం తక్కువ.

నైరుతి మూలన సముద్రంలోకి పొడుచుకొచ్చినట్టుండే లె మోర్న్ కొండను ఎక్కక్కర్లేదు, కింద నుంచి చూస్తే చాలు. తోటల నుంచి పారిపోయిన బానిసలు ఆ కొండ మీద దాక్కున్నారు. బానిసత్వం రద్దయిందని చెప్పడానికి వస్తున్న పోలీసులను చూసి, పట్టుకుపోవడానికే వస్తున్నారనుకుని కొండ మీద నుంచి దూకేశారని అక్కడి జనం తరతరాలుగా చెప్పుకుంటారు. 2008లో అది కూడా ప్రపంచ వారసత్వ స్థలమైంది.

పిల్లల కోసం ఆగ్నేయాన మాయెబూర్ దగ్గరున్న ఇల్ ఓ ఎగ్రెత్ అనే చిన్న దీవికి ఒక పూట ఇవ్వండి. మనుషులు రాకముందు మారిషస్ ఎలా ఉండేదో ఆ అడవిని మళ్లీ పెంచుతున్నారు. పెద్ద తాబేళ్లు పక్కనుంచే నడిచి వెళతాయి, గులాబీ రంగు పావురాలు కనిపిస్తాయి. డోడో పక్షి ఈ దేశంలోనే ఉండేది, మనుషులు అడుగుపెట్టిన వందేళ్లలోపే అంతరించిపోయింది. దాని అస్థిపంజరం పోర్ట్ లూయిస్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. అక్కడి చిన్న డేగ జాతి కూడా 1974 నాటికి తెలిసినంతలో నాలుగే మిగిలాయి, కష్టపడి మళ్లీ వందల్లోకి పెంచారు. ఈ రెండు కథలూ పిల్లలకు కలిపి చెప్పండి. ఉత్తరాన పాంప్లెమూస్ తోటలో పళ్లెంలా గుండ్రంగా, మీటరుకు పైగా వెడల్పు పెరిగే ఆకులున్న పెద్ద నీటి కలువలు ఉన్నాయి, నీడలో మెల్లగా నడవొచ్చు, అత్తయ్యగారికి అది మంచి ఉదయం. ఏజెంటు చెప్పిన దీవి టూర్ బహుశా ఇల్ ఓ సెర్ఫ్ అయివుంటుంది. ఇసుక బాగుంటుంది, జనమూ ఎక్కువే. పడవ ఎక్కి దిగడం మోకాళ్లకు ఇబ్బంది అనిపిస్తే ఆ రోజు మానేసి అత్తయ్యగారిని బెల్ మార్ ఒడ్డున కూర్చోబెట్టండి, మీరు మాత్రం వెళ్లిరండి. ఓడ బొమ్మల ఫ్యాక్టరీ, నగల షోరూమ్ లాంటి దుకాణాల దగ్గర ఆపే కార్యక్రమాన్ని ప్యాకేజీ నుంచి తీయించండి.

సముద్రం దగ్గర జాగ్రత్తలు కొన్ని. ద్వీపం చుట్టూ చాలాచోట్ల పగడపు దిబ్బ గోడలా ఉంటుంది, లోపలి నీళ్లు లోతు తక్కువగా, నిదానంగా ఉంటాయి. కానీ ఆ దిబ్బకు గండ్లున్న చోట ప్రవాహం లాగేస్తుంది. దక్షిణాన గ్రి గ్రి దగ్గర దిబ్బ లేదు, అక్కడ నీళ్లలో దిగనే కూడదు. రాయిలా కనిపించే విషపు చేప, ముళ్లుండే సముద్ర జీవులు కాలికి తగలొచ్చు. అందుకని నీళ్లలో వేసుకునే రబ్బరు చెప్పులు అందరికీ కొనండి. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో కాలు పెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. సముద్రం అడుగున నడిపించే ఆటను బీపీ ఉన్నవాళ్లు, ఉబ్బసం, చెవి ఇబ్బందులున్నవాళ్లు ఒప్పుకోవద్దు. పడవలో లైఫ్ జాకెట్లు అందరికీ ఉన్నాయో లేదో చూశాకే ఎక్కండి. పగడాలు, గవ్వలు ఏరి తేవొద్దు, చట్టం ఒప్పుకోదు. 2020 జులైలో వకాషియో అనే ఓడ ఆగ్నేయ తీరంలో దిబ్బను ఢీకొని దాదాపు వెయ్యి టన్నుల చమురు ఒలికింది. అక్కడి జనం చెరకు ఆకులు కుక్కిన గుడ్డ గొట్టాలు కుట్టి, నీళ్లలో అడ్డంగా వేసి తీరాన్ని కాపాడుకున్నారు. అంత కష్టపడి కాపాడుకున్న పగడాల మీద మనం నిలబడి ఫొటో దిగకూడదు.

కాగితాల సంగతి. భారతీయ పాస్‌పోర్టుకు పర్యాటకులుగా ముందుగా వీసా అక్కర్లేదు. తిరుగు టికెట్, బస వివరాలు, ఖర్చులకు డబ్బున్నట్టు ఆధారం చూపించాలి. ఇవి ప్రింటు తీసి చేతి సంచిలో పెట్టుకోండి. బయల్దేరే ముందు మారిషస్ ప్రభుత్వం ఆన్‌లైన్‌లో పెట్టిన ఒకే ఫారం ప్రతి ఒక్కరికీ నింపాలి. అది ఉచితం, డబ్బు అడిగే సైట్ల జోలికి పోవద్దు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్లు కొనే ముందు అధికారిక సైటులో ఒకసారి చూడండి. మీకు ముంబై మీదుగా వెళ్లడం తేలిక, అక్కడి నుంచి విమానం సుమారు ఆరు గంటలు. టైము మనకంటే గంటన్నర వెనక.

వాళ్ల డబ్బు పేరు కూడా రూపాయే. కానీ ఒక మారిషస్ రూపాయి మన రూపాయలు దాదాపు రెండు. బోర్డు మీద 500 చూసి మన అయిదొందలనుకుంటే లెక్క తప్పుతుంది. 2024 ఫిబ్రవరి 12 నుంచి అక్కడ యూపీఐ, రూపే మొదలయ్యాయి, అయినా ప్రతి దుకాణంలో పనిచేస్తుందని నమ్ముకోవద్దు. కొన్ని యూరోలో డాలర్లో తీసుకెళ్లి అక్కడి బ్యాంకులో మార్చుకోండి, ఒక కార్డు ఉంచుకోండి. టాక్సీవాళ్లు మీటరు వేయరు, ఎక్కే ముందే ధర మాట్లాడుకోవాలి. రోజు మొత్తానికి ఒకే కారు మాట్లాడుకుంటే అయిదుగురికి గిట్టుబాటు. వాహనాలు మనలాగే ఎడమవైపున నడుస్తాయి. పోర్ట్ లూయిస్ నుంచి క్యూర్‌పిప్ దాకా మన దేశ సాయంతో కట్టిన మెట్రో ఉంది, పిల్లలతో ఒకసారి ఎక్కండి. బస్సులు చవకే కానీ చీకటి పడ్డాక దొరకవు. ప్లగ్గులు మూడు చదరపు పిన్నులవి, అడాప్టరు కొనండి. ప్లాస్టిక్ సంచులు నిషేధం, గుడ్డ సంచి ఉంచుకోండి. అత్యవసరమైతే అంబులెన్సుకు 114, పోలీసులకు 999.

ఇది మాత్రం అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు: మందులు. మత్తు పదార్థాల విషయంలో ఆ దేశం చాలా కఠినంగా ఉంటుంది. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి మాత్రలు, నిద్రమాత్రలు, టెన్షన్ తగ్గడానికి వేసుకునే మాత్రలకు ముందస్తు అనుమతి కావాల్సి రావచ్చు. అత్తయ్యగారు మోకాళ్ల నొప్పులకు ఏం వాడుతున్నారో డాక్టరుకు చూపించి, అలాంటిది ఉంటే వేరే మందుకు మార్చమని అడగండి. బీపీ మాత్రలు అట్టలతో సహా, డాక్టరు ఇంగ్లీషులో రాసిన చీటీతో, చేతి సంచిలో పెట్టండి. ఈ-సిగరెట్లు నిషేధం. పళ్లు, కరివేపాకు, విత్తనాలు, మొక్కలు అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు. పచ్చళ్లు, పొడులు సీలు వేసినవే పెట్టుకుని, అడిగితే దాచకుండా చెప్పండి. బీమా తీసుకునేటప్పుడు అత్తయ్యగారి బీపీ సంగతి దాచొద్దు, దాచితే అవసరమైనప్పుడు డబ్బు రాదు.

చివరగా ముత్తాతగారి తమ్ముడి సంగతి. దొరికే అవకాశం నిజంగానే ఉంది. ఒప్పంద కూలీల రికార్డులు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. ఒక్కొక్కరి నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎక్కిన ఓడ రాసి ఉంటాయి. 1860ల తర్వాత వెళ్లినవాళ్లకు ఫొటో కూడా ఉండొచ్చు. మీ అత్తయ్యగారి వయసును బట్టి లెక్కేస్తే ఆయన వెళ్లింది పంతొమ్మిదో శతాబ్దం చివరి భాగం కావచ్చు. అప్పటికి కోరంగి వైభవం పోయింది కాబట్టి మద్రాసులో ఓడెక్కి ఉండటానికే ఎక్కువ అవకాశం, ఆ జాబితాలు కూడా వెతకమనండి. గుమస్తాలు మన పేర్లను తమకు వినిపించినట్టు రాసుకున్నారు. అప్పన్న, రామయ్య, నాయుడు లాంటి పేర్లకు నాలుగైదు రకాల స్పెల్లింగులు ఉంటాయి. ఒక్క స్పెల్లింగు దొరకలేదని ఆశ వదులుకోవద్దు.

ఇంటి పేరు, ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు, అప్పటి తాలూకా ఈ వారంలోనే అత్తయ్యగారిని, వాళ్ల పుట్టింటి పెద్దలను అడిగి కాగితం మీద రాయండి. పాత భూమి పత్రాలు, పురోహితుడి దగ్గరి వంశవృక్షం ఉంటే వాటిలోనూ చూడండి. ఆ వివరాలతో ఇన్‌స్టిట్యూట్‌కు ప్రయాణానికి కనీసం రెండు నెలల ముందే ఈమెయిల్ రాసి అనుమతి, అపాయింట్‌మెంట్ అడగండి. ఎవరు పడితే వాళ్లు వెళ్లి పుస్తకాలు తిరగేసే చోటు కాదు అది. వెళ్లేది పనిదినం అయ్యేలా ప్యాకేజీలో ఒక పూట ఖాళీ ఉంచమని ఏజెంటుకు చెప్పండి. నంబరు దొరికితే ఆయన ఏ తోటలో పనిచేశారో, పెళ్లి చేసుకున్నారో, పిల్లలున్నారో అక్కడి నుంచి వెతకొచ్చు. దొరికినా దొరకకపోయినా నాకు మళ్లీ ఉత్తరం రాయండి.